నేల తాకిన చెయ్యి

మా ఇంట్లో చిన్నదాన్ని తిట్టాలంటే ముందు దాని చెయ్యి ఎక్కడుందో చూసుకోవాల్సి వచ్చేది. అమ్మ గొంతు పెంచిందంటే చాలు, అది ఉన్నచోటే వంగి అరచెయ్యి నేలకి ఆనించేది. "నేల తాకానమ్మా, ఇప్పుడు కొడితే ఫౌల్" అనేది. ఎత్తిన కొలతటేపు ఎత్తినట్టే పట్టుకుని అమ్మ నావైపు తిరిగి, ఈ తెలివితేటలన్నీ నువ్వు నేర్పినవే అని నాకు అంటగట్టేది. నేర్పింది నిజంగా నేనే.

నేను వారంలో ఆరు రోజులు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. ఏడో రోజు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలకు రిఫరీని. రెండుచోట్లా నా పని ఒకటే, ఎదుటివాళ్లు తప్పు చెయ్యబోయే ముందు అరవడం. అందుకే రెండుచోట్లా నన్ను హారన్ అంటారు, నా ఎదురుగా కాదనుకోండి. తమ్ముడు మా ఇంటి కింది భాగంలో జిమ్ నడుపుతాడు. అందరికంటే చిన్నది మా చెల్లెలు, వాడి దగ్గర సాధన చేసి పోటీల్లోకి దిగుతుంది. అమ్మ ముందుగదిలో కుట్టుమెషిన్ పెట్టుకుని మ్యాట్ల కవర్లు, పంచింగ్ బ్యాగుల తొడుగులు కుడుతుంది. ఇంటిల్లిపాదీ ఆ ఆట చుట్టూ తిరిగేవాళ్లమే.

ఆ ఆట తెలియనివాళ్లకి అదంతా ఒళ్లు తెలియకుండా కొట్టుకోవడంలా కనిపిస్తుంది. దానికి బోలెడు రూల్స్ ఉన్నాయి. కంట్లో వేలు పెట్టకూడదు. గొంతు మీద, తల వెనక, వెన్నెముక మీద కొట్టకూడదు. కిందపడ్డ మనిషి తలకి మోకాలు గాని, కాలు గాని తగలకూడదు. ఈ చివరిదాంట్లోనే ఒక కిటుకుండేది. అప్పటి రూల్ ప్రకారం అరికాళ్లు కాక ఒంట్లో ఏ భాగం మ్యాట్‌కి తగిలినా కిందపడ్డట్టే లెక్క. అవతలి మనిషి మెడ పట్టుకుని తల కిందికి లాగేసిందనుకోండి, ఒక్క అరచెయ్యి కింద ఆనిస్తే చాలు, ఇక మోకాలితో ముఖం మీద పొడవడానికి వీల్లేదు.

చిన్నది పొట్టిది. దానికి ఎదురుపడేవాళ్లంతా దాని మెడమీదే చేతులు వేసేవాళ్లు. అందుకని రెండేళ్లపాటు కూర్చుని దానికి ఆ ఒక్క పని నేర్పాను. తల వంగగానే నేను "నేల" అని అరవాలి, దాని చెయ్యి కిందికి వెళ్లాలి. జిమ్‌లో అరిచేదాన్ని, వంటింట్లో గిన్నెలు తోముతుంటే వెనకనుంచి అరిచేదాన్ని, చెప్పులు వేసుకోవడానికి వంగితే అరిచేదాన్ని. కొన్నాళ్లకి నా నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే దాని చెయ్యి నేలమీద ఉండేది. అది చూసి నాకెంత పొంగో చెప్పలేను.

ఆ వేసవి మొదట్లో చిన్నది ఒక పోటీ గెలిచింది. మూడు రౌండ్లలో ఏడుసార్లు చెయ్యి ఆనించింది, ఏడుసార్లూ అవతలి అమ్మాయి మోకాలు గాల్లోనే ఆగిపోయింది. బయటికొస్తుంటే ఆ అమ్మాయి కోచ్, ఈ ఆటలో తల నెరిసినవాడు, అందరూ వినేలా ఒక మాటన్నాడు. "మీ చెల్లి ఆడిందెక్కడమ్మా, నేల తుడిచింది." నలుగురు నవ్వారు. తమ్ముడు పట్టించుకోలేదు. చిన్నదైతే వాళ్లతో కలిసి నవ్వింది. నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

పది రోజుల తర్వాత మా రిఫరీల సంఘం సమావేశమైంది. తొమ్మిదిమందిమి. ఎజెండాలో ఈ రూలే ఉంది. చెయ్యి ఆనించినంతమాత్రాన కిందపడ్డట్టు కాదని, మోకాలో, తుంటో, వీపో తగిలితేనే పడ్డట్టని మార్చాలని ప్రతిపాదన. నలుగురు సరేనన్నారు, నలుగురు వద్దన్నారు. అందరూ నావైపు చూశారు. మా చెల్లి ఆ కిటుకుతోనే గెలుస్తోందని వాళ్లకి తెలుసు, నేను వద్దంటానని ముందే లెక్కేసుకున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు. అది ఆట కాదు, దాగుడుమూతలు అంటూ పావుగంట మాట్లాడి మార్చాలనే చెయ్యెత్తాను. న్యాయం కోసం ఎత్తానని అప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆ ముసలి కోచ్ నోరు మూయించడానికి ఎత్తానని.

ఇంటికొచ్చి చెప్తే తమ్ముడు తింటున్న పళ్లెం పక్కకి జరిపాడు. ఇంకో ఐదు వారాల్లో చిన్నదానికి ఆ ఏడాదికల్లా పెద్ద పోటీ ఉంది. అందులో గెలిస్తే జాతీయ శిబిరానికి తీసుకుంటారు. ఇరవై నాలుగు నిండితే ఇక తీసుకోరు, దానికి ఆ వానాకాలంలో నిండుతాయి. అంటే అదే ఆఖరి అవకాశం. కొత్త రూల్ కూడా సరిగ్గా ఆ పోటీ నుంచే అమలు.

"రెండేళ్ల అలవాటు ఐదు వారాల్లో పోతుందా అక్కా? నాకు భయంగా ఉంది. ఈసారికి దింపొద్దు" అన్నాడు వాడు.

చిన్నది వాడివైపు చూడలేదు, నావైపు చూసింది. నేను ఏమంటే అదే చేస్తానన్నట్టుంది ఆ చూపు. అప్పుడు నేను ఆగుదాం అని ఉంటే అది ఆగిపోయేది. రెండు రోజులు ఏడ్చి మానేసేదేమో, అంతే. "నేర్పింది నేను, మాన్పించేదీ నేనే. నాకు వదిలెయ్యండి" అన్నాను.

మాన్పించడానికి నేను కనిపెట్టిన పద్ధతి చూసి జిమ్‌లో అందరూ నవ్వుకున్నారు. అమ్మ దగ్గర గుడ్డల మీద గీతలు గీసే సుద్ద ఉంటుంది. దాన్ని నూరి మ్యాట్ నిండా చల్లేదాన్ని. తమ్ముడు చిన్నదాని మెడ పట్టి కిందికి లాగేవాడు. నేను "అడ్డం" అని అరిచేదాన్ని. అది రెండు మోచేతులూ ముఖానికి అడ్డం పెట్టి, పక్కకి తిరిగి మెడ విడిపించుకోవాలి. తర్వాత అరచేతులు చూపించాలి. తెల్లగా ఉంటే మళ్లీ మొదటినుంచి. మొదటి వారం పిండి పిసికినట్టు ఉండేవి దాని చేతులు. రెండో వారం ఒక్క ఎడమ చెయ్యి. మూడో వారానికి ఇరవైసార్లు లాగితే ఒకసారి. నాలుగో వారం నేను రోజూ దాని రెండు అరచేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసేదాన్ని, గోళ్ల సందుల్లో కూడా సుద్ద ఉండేది కాదు.

ఇంట్లో కూడా పాత ఆట మానెయ్యమన్నాను. ఒకరోజు అది అమ్మ కత్తెర ఎక్కడో పెట్టి మర్చిపోయింది. అమ్మ టేపు ఎత్తి మీదికొస్తే అలవాటుగా వంగబోయి, సగంలో ఆగి, మోచేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అమ్మ ఎత్తిన టేపు దించేసింది. "ఇదేం బాగాలేదే. నిజంగానే కొడతానని భయపడినట్టుంది" అంది. టేపు మెడలో వేసుకుని మెషిన్ దగ్గరికి వెళ్లిపోయింది. నేను మాత్రం లోపల్లోపల దానికి మంచి మార్కులు వేసుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒకసారి ముగ్గురం బస్సులో వెళుతున్నాం. ముందు ఎవరో అడ్డమొస్తే డ్రైవర్ కంటే ముందు నేను బలంగా కాలు తొక్కాను. నేర్పే కారులో నా సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది లెండి, పదకొండేళ్లుగా తొక్కీ తొక్కీ ఎక్కడ కూర్చున్నా నా కాలు దానికోసం వెతుక్కుంటుంది. చిన్నది పడీపడీ నవ్వింది. "అక్కా, నీ కాలికి కూడా సుద్ద చల్లాలే" అంది. నేనూ నవ్వాను. ఆ మాట నాకెందుకు పట్టలేదో ఇప్పటికీ తెలియదు. దాని చేతులు రెండు వందలసార్లు చూశాను గాని, నా నోటి సంగతి ఒక్కసారి ఆలోచించలేదు. జిమ్‌లో ప్రతిసారీ "అడ్డం" అన్నది నేను ముందే అనుకుని, సిద్ధపడి అన్న మాట. అనుకోకుండా అరవాల్సి వస్తే ఏ మాట వస్తుందో నన్నెవరూ పరీక్ష పెట్టలేదు.

పోటీ మధ్యాహ్నం. మునిసిపల్ ఇండోర్ హాలు, రేకుల కప్పు కింద ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్కపోత. ఇంటి మనిషి ఆడుతున్నప్పుడు రిఫరీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు గనక ఆ రోజు సెలవు పెట్టి రెండో వరసలో అమ్మ పక్కన కూర్చున్నాను. తమ్ముడు పోటీ జరిగే తీగల కేజ్ బయట దాని మూల దగ్గర నిలబడ్డాడు. రిఫరీ నాతోపాటు శిక్షణ తీసుకున్న ఆవిడే. దుస్తులు మార్చుకునే గదిలో రూల్స్ చదివి వినిపిస్తూ, చెయ్యి ఆనితే లెక్కలేదు, గుర్తుంది కదా అని ఆవిడ అడిగితే చిన్నది, ఎందుకు గుర్తుండదు మేడమ్, మా అక్క ఓటుతోనే కదా మారింది అందట. ఇది ఆవిడే నాకు తర్వాత చెప్పింది.

మొదటి రౌండ్ మాదే. అవతలి అమ్మాయి దీనికంటే జానెడు పొడుగు. నాలుగుసార్లు మెడ అందుకుంది. నాలుగుసార్లూ చిన్నది మోచేతులు అడ్డం పెట్టి, పక్కకి తిరిగి జారిపోయింది. తమ్ముడు వెనక్కి తిరిగి నాకేసి చూసి బొటనవేలు ఎత్తాడు. అమ్మ కూడా వేళ్ల సందుల్లోంచి చూడటం మానేసి మామూలుగా చూడటం మొదలుపెట్టింది.

రెండో రౌండ్ సగంలో ఒక గుద్దు చిన్నదాని చెవి పక్కన తగిలింది. తూలింది. దాని కాళ్లు ఎటు వెయ్యాలో తెలియనట్టు రెండడుగులు వేశాయి. అవతలి అమ్మాయి రెండు చేతులతో మెడ పట్టి కిందికి లాగింది. తల బాగా కిందికి వెళ్లిపోయింది. నేను లేచి నిలబడ్డాను.

"నేల" అని అరిచాను.

చెయ్యి కిందికి వెళ్లింది. ఎడమ చెయ్యి. వేళ్లు విప్పి శుభ్రంగా, నేను నేర్పినట్టే ఆనించింది. మోకాలు వచ్చింది.

తర్వాత రిఫరీ మధ్యలో దూరి అవతలి అమ్మాయిని వెనక్కి నెట్టడం, డాక్టరు లోపలికి పరిగెత్తడం అన్నీ సరిగ్గా రూల్ ప్రకారమే జరిగాయి. మా జిమ్ వాళ్లు కొందరు ఫౌల్, ఫౌల్ అని లేచారు. తమ్ముడు కూడా, అంత తెలిసినవాడు, ఆ క్షణంలో కేజ్ తీగ పట్టుకుని నావైపు తిరిగి, "చెయ్యి కింద ఉంది కదా అక్కా, నువ్వు చెప్పు" అన్నాడు.

"ఫౌల్ కాదు" అన్నాను.

స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే దాని ఎడమ చెయ్యి పక్కకి వేలాడుతోంది. అలవాటు కొద్దీ తిప్పి అరచెయ్యి చూశాను. మ్యాట్ మీది మురికి నల్లగా అంటుకుని ఉంది. నా చీర కొంగుతో తుడిచేశాను.

కంటి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి సన్నటి రేకు పెట్టారు. వాపు తగ్గాక చూస్తే కన్ను పైకీ కిందికీ సరిగ్గా తిరగడం లేదు. ఎదురుగా చూస్తే ఒకటే, కిందికి చూస్తే ప్రతిదీ రెండుగా కనిపిస్తుంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవాలి. కొంత సర్దుకోవచ్చు, మొత్తం రాదు అన్నాడు డాక్టరు. ఇక ఆట సంగతి అడగొద్దన్నాడు. మేం అడగలేదు.

ఇంతకుముందు అమ్మ సూదిలో దారం ఎక్కించేది చిన్నదే. ఇల్లు చేరిన వారానికి మళ్లీ సూది తీసుకుని కూర్చుంది. నాలుగుసార్లు ప్రయత్నించి, "రెండు సూదులున్నాయమ్మా, ఏ దాంట్లో ఎక్కించమంటావు" అని నవ్వింది. అమ్మ సూది తీసుకుని, నాకిప్పుడు దారంతో పనేం లేదులే అంది. మెషిన్ మీద సగం కుట్టిన కవర్ అలాగే ఉంది.

కొత్త రూల్ కింద తగిలిన మొదటి పెద్ద దెబ్బ గనక సంఘం వాళ్లు ఒక ఫారం పంపారు. చెయ్యి ఎందుకు ఆనించారు అని అందులో ఒక ప్రశ్న. చిన్నది ఒక కన్ను మూసుకుని, కాయితాన్ని కళ్లకి ఎదురుగా ఎత్తి పట్టుకుని, "పాత అలవాటు, పొరపాటు నాదే" అని రాసింది. తమ్ముడు అది చదివి బయటికి వెళ్లిపోయాడు. ఇంకో నెల టైం ఉంటే ఆ అలవాటు పోయేదని, దింపొద్దన్న మాట మీద తను గట్టిగా నిలబడాల్సిందని అమ్మతో అని కుమిలిపోయాడట. నాతో మాత్రం అవసరానికి మించి మాట్లాడటం మానేశాడు. చెయ్యెత్తి రూల్ మార్చినందుకే వాడి కోపం. వాడికి తెలిసింది అంతవరకే.

నేను అరవడం వినలేదు వాడు. తనూ అరుస్తూనే ఉన్నాడు మరి. అమ్మ నా పక్కనే ఉన్నా ఆ హోరులో చెవులు మూసుకుని కూర్చుంది. విన్నవాళ్లెవరూ లేరు. నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా ఇరవై రోజులు గడిపాను. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఫౌళ్ల జాబితా మొదటినుంచి చివరిదాకా మనసులో చదువుకునేదాన్ని. కన్ను, గొంతు, తల వెనక, వెన్నెముక. నేను చేసింది అందులో ఎక్కడా లేదు. మోకాలితో పొడిచిన ఆ అమ్మాయి తప్పు చెయ్యలేదు, ఆపిన రిఫరీ తప్పు చెయ్యలేదు. మొత్తం హాల్లో తప్పు చేసింది నేనొక్కదాన్నే, అది ఏ రూల్‌కీ అందదు. డ్రైవింగ్ స్కూల్లో ఒకతను మేడమ్, మీరీ మధ్య అరవడం లేదేంటి, నాకు భయంగా ఉంది అన్నాడు. అరవాలంటే నోరు రావడం లేదని అతనికేం చెప్పను.

వానలు మొదలైన వారంలో దాన్ని కంటి పరీక్షకి తీసుకెళ్లాను. స్కూలు కారే తీసుకున్నాను. నేను నడుపుతున్నాను, అది రోజూ నేను కూర్చునే సీట్లో కూర్చుంది, కాళ్ల కింద నా బ్రేకు పెట్టుకుని. పరీక్ష చేసిన డాక్టరు ఇంకేం తగ్గదన్నాడు, ఇదే ఉంటుందన్నాడు. తిరిగొస్తుంటే సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. అద్దం మీద వైపర్ అటూ ఇటూ తిరుగుతోంది. ఇంట్లో అమ్మ ఎదురుగా చెప్పలేను, తమ్ముడి ఎదురుగా అసలే చెప్పలేను. ఇక్కడ చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలిసిపోయింది.

"ఆ రోజు నేల అని అరిచింది నేనే" అన్నాను.

అది రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. "తెలుసక్కా" అంది.

"ఎలా తెలుసు?"

"హారన్ వినపడకపోవడమేంటి."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. తెలిసీ ఫారంలో అలా ఎందుకు రాశావే అని అడిగాను. రాస్తే అన్నయ్య నీతో ఇక జన్మలో మాట్లాడడు అంది. ఇప్పుడు కూడా ఇంట్లో చెప్పొద్దంది. చెప్తే నాకు బరువు దిగుతుందేమో గాని వాళ్లకి ఎక్కుతుందంది. ఇరవై నాలుగు నిండని పిల్ల, ఇరవై రోజులుగా అంతా లెక్కేసి పెట్టుకుంది.

"వాడు అడ్డం అని అరుస్తూనే ఉన్నాడు కదే. అది వినపడలేదా?"

"అదీ వినపడింది. రెండూ వినపడ్డాయి."

"మరి వాడి మాట వినాల్సింది."

అది కాసేపు ఆలోచించింది. నామీద కోపంతో కాదు, నిజంగా ఆ రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకుంటున్నట్టే ఉంది.

"రూల్స్ తెలిసింది నీకు కదక్కా" అంది. "మళ్లీ మార్చారేమో అనుకున్నాను."

పచ్చలైటు పడింది. వెనకవాళ్లు హారన్ కొట్టారు. నా కాలు బ్రేకు మీదినుంచి లేవలేదు. అది కిందికి చూడకుండా, తడుముకుంటూ చెయ్యి చాపి, గేరు మీదున్న నా చెయ్యి పట్టుకుంది.

"బండి తియ్యక్కా, వెనక ఆగిపోయారు" అంది.

తీశాను.